పాట్రిక్ బ్రీన్ రాసుకున్న 29 పేజీలు: నా అనుభవం

శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకి చలికాలం రాగానే ఒక అలవాటు ఉంది. పిల్లలకి మంచు చూపించాలని ఏదో ఒక శనివారం ఐ-80 హైవే ఎక్కి కొండల మీదికి బయల్దేరతాం. పైకి వెళ్ళేకొద్దీ బోర్డుల మీద డానర్ అనే పేరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. డానర్ పాస్, డానర్ లేక్, డానర్ మెమోరియల్ పార్క్. ఎవరీ డానర్ అని అడిగితే ఇక్కడివాళ్ళు చెప్పే జవాబు ఒకటే: 1846లో మంచులో ఇరుక్కుని, తిండి లేక, చనిపోయినవాళ్ళ మాంసం తిన్న గుంపు. అక్కడితో మాట మార్చేస్తారు. కానీ ఆ గుంపులో చంటిపిల్లల తల్లులున్నారు, ముసలివాళ్ళున్నారు, ఐర్లండ్ నుంచి వచ్చి అయోవాలో పొలం చేసుకుంటూ ఉండిన ఒక రైతు ఉన్నాడు. ఆ రైతు ఆ చలికాలమంతా డైరీ రాశాడనీ, ఆ కాగితాలు మాకు దగ్గర్లోనే బర్క్‌లీలో బాన్‌క్రాఫ్ట్ లైబ్రరీలో ఉన్నాయనీ తెలిశాక, ఇక వేరేవాళ్ళు చెప్పింది వినాలనిపించలేదు. ఆయన చేతిరాతే చదవాలనుకున్నాను.

ఆయన పేరు పాట్రిక్ బ్రీన్. భార్య మార్గరెట్, ఆయన పెగీ అని పిలిచేవాడు. ఏడుగురు పిల్లలు. పెద్దవాడు జాన్‌కి 14 ఏళ్ళు, అందరికన్నా చిన్నది ఇసబెల్లా చంటిపాప. 1846 ఏప్రిల్లో అయోవాలోని కియోకుక్ దగ్గర్నుంచి బళ్ళు కట్టుకుని కాలిఫోర్నియాకి బయల్దేరారు. దారిలో డానర్, రీడ్ కుటుంబాలతో కలిశారు. ఫోర్ట్ బ్రిడ్జర్ దగ్గర అందరూ వెళ్ళే దారి వదిలి, హేస్టింగ్స్ అనే ఆయన చెప్పిన అడ్డదారి పట్టారు. ఆ అడ్డదారిలో చెట్లు నరుక్కుంటూ వాసాచ్ కొండలు దాటాల్సి వచ్చింది. తర్వాత ఉప్పు ఎడారి, అందులో ఎద్దులు పోయాయి. సియెర్రా కొండల కింద చెరువు దగ్గరికి చేరేసరికి అక్టోబర్ ఆఖరు. మంచు మొదలైపోయింది. మొత్తం 87 మంది అని లెక్క చెబుతారు. అందులో దాదాపు సగం మంది వసంతం చూడలేదు. బ్రీన్ కుటుంబంలో మాత్రం తొమ్మిది మందికి తొమ్మిది మందీ బతికి బయటపడ్డారు.

డైరీ అంటే అట్ట వేసిన పుస్తకం కాదు. ఎనిమిది చిన్న ఉత్తరం కాగితాలు కత్తిరించి మడిచి 32 పేజీలు చేసుకున్నాడు. అందులో 29 పేజీలు రాశాడు. 1846 నవంబర్ 20న మొదలై 1847 మార్చి 1న ఆగిపోతుంది. అంత పాత కాగితాన్ని మాటిమాటికీ చేత్తో తిప్పనివ్వరు, ఇవ్వకూడదు కూడా. లైబ్రరీ వాళ్ళు పేజీపేజీకీ ఫొటో తీసి ఇంటర్నెట్లో పెట్టారు. ఎవరైనా, ఎక్కడినుంచైనా, డబ్బులు కట్టకుండా చూడొచ్చు. నా పని అక్కడ మొదలైంది.

మొదటి పేజీ తెరిచి చూస్తే ఏమీ అర్థం కాలేదు. అక్షరాలు కుడివైపు వాలి ఉన్నాయి. ఫుల్‌స్టాప్ అనేది దాదాపు లేదు. ఒక మాట దగ్గర వాతావరణం గురించి రాస్తుంటాడు, తర్వాతి మాటకి ఎవరో చనిపోయి ఉంటారు. స్పెల్లింగ్ ఆయన చెవికి వినిపించినట్టు ఉంటుంది. డానర్ అనే పేరునే డైరీలో రకరకాలుగా రాశాడు. దీన్ని ఎవరో ఎప్పుడో చదివి టైపు చేసిన పాఠం దొరుకుతుంది, అది ముందు పెట్టుకుని చదివితే సులువే. కానీ అలా చేస్తే మన కన్ను టైపు చేసిన దాన్నే చదువుతుంది, చేతిరాతని చదవదు. అందుకని అది పక్కన పెట్టాను. రాత్రి పనులన్నీ అయ్యాక లాప్‌టాప్‌లో ఒక పేజీ పెద్దది చేసి పెట్టుకుని, నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో వరసకి వరస ఎత్తి రాసుకోవడం మొదలుపెట్టాను. ఆయన వరస ఎక్కడ విరిగితే నాదీ అక్కడే విరగాలి. తెలియని మాట దగ్గర గీత గీసి వదిలేయాలి, ఊహించి రాయకూడదు. పేజీ అంతా అయ్యాకే టైపు పాఠంతో సరిచూసుకోవాలి.

ఇలా పాత కాగితాలు చదవాలనుకునేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటుంది. ముందు తెలిసిన మాటలు పట్టుకోండి. బ్రీన్ దాదాపు ప్రతిరోజూ ముందు వారం పేరు రాస్తాడు, తర్వాత రాత్రి మంచు పడిందో గడ్డకట్టిందో, తర్వాత గాలి ఏ దిక్కు నుంచి వీస్తోందో. ఇవి మళ్ళీ మళ్ళీ వస్తాయి కాబట్టి ఆయన అక్షరాలు ఎలా ఉంటాయో వాటి దగ్గరే నేర్చుకోవచ్చు. నేను ఒక కాగితం మీద ఆయన రాసే పెద్ద ఎస్, చిన్న ఆర్, అంకెలు అన్నీ గీసి పెట్టుకున్నాను. కొన్ని పేజీలు పోయాక చెయ్యి అలవాటైంది. ఆ తర్వాత చదవడం కష్టంగా లేదు. అందులో ఉన్నది తట్టుకోవడమే కష్టమైంది.

గాలి దిక్కు ప్రతిరోజూ ఎందుకు రాశాడా అని మొదట్లో విసుగు పుట్టింది. నాలుగైదు పేజీలు ఎత్తి రాశాక తెలిసింది, ఆయనకి తెలుసుకోవాల్సినది అదొక్కటే. గాలి మారితే మబ్బు విడుతుంది, మబ్బు విడిస్తే మంచు కరుగుతుంది, మంచు కరిగితే అవతలి నుంచి మనుషులు వస్తారు. ఆశపడటానికి ఆయన దగ్గర ఇంకేమీ లేదు.

మొదటి రోజు రాసినదాంట్లోనే విషయమంతా ఉంది. గత నెల 31న ఇక్కడికి వచ్చాం, కనుమ దాకా వెళ్ళాం, మంచు ఎక్కువై దారి కనపడలేదు, శిఖరానికి మూడు మైళ్ళ దూరంలో వెనక్కి తిరిగాం, మళ్ళీ ప్రయత్నించాం, కుదరలేదు, పశువుల్ని చాలావరకు చంపేశాం, వసంతం దాకా రొట్టె లేకుండా, ఉప్పు లేకుండా, బక్కచిక్కిన ఎద్దు మాంసంతో ఉండాలి. అంతే. ఏడుపు లేదు, తిట్టు లేదు. ఎవరి వల్ల ఇలా అయిందన్న మాట లేదు. వాళ్ళు తలదాచుకున్న గుడిసె కూడా వాళ్ళు కట్టుకున్నది కాదు, రెండేళ్ళ ముందు అదే దారిలో వెళ్ళిన ఇంకో గుంపువాళ్ళు కట్టి వదిలేసినది.

డిసెంబర్ వచ్చేసరికి కాగితంలో దేవుడు కనిపించడం మొదలవుతాడు. బ్రీన్‌లు క్యాథలిక్కులు. 20వ తేదీన, గడ్డు రోజులే కానీ నిరుత్సాహపడలేదు, మా ఆశ దేవుడి మీదే అని రాస్తాడు. 22న, నిన్న గ్రావెల్ నొప్పి గట్టిగా వచ్చింది, ఇవాళ బాగున్నాను, దేవుడికి స్తోత్రం అంటాడు. గ్రావెల్ అంటే కిడ్నీలో రాళ్ళు. మా ఇంట్లో ఆ నొప్పితో అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరిగెత్తిన మనిషి ఉన్నారు కాబట్టి ఆ ఒక్క వరస దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఏడుగురు పిల్లలు, చుట్టూ మనిషి లోతు మంచు, మందు లేదు. ఆ నొప్పికి ఆయన కేటాయించింది ఒక్క వరస. క్రిస్మస్ రోజు రాసింది ఇంకా కలచివేస్తుంది. నిన్న మధ్యాహ్నం నుంచి మంచు కురుస్తూనే ఉంది, కట్టెలు తేవడం చాలా కష్టంగా ఉంది, జాన్, ఎడ్వర్డ్ తేవాల్సి వస్తోంది, నాకు చేతకావడం లేదు, ఈ క్రిస్మస్ ఉదయం దేవుడికి ప్రార్థన చేశాం, ముందున్నది చూస్తే భయం వేస్తోంది, అయినా దేవుడి మీద ఆశ, ఆమెన్. నాకు చేతకావడం లేదు అని ఒక తండ్రి రాసుకున్నాడు. దాని పక్కనే పిల్లల పేర్లు.

చదువుతూ పోతుంటే నేను ఒక మనిషిని వెతకడం మొదలుపెట్టాను. మిల్ట్ అనే అతను. మిల్ట్ ఎలియట్ రీడ్ కుటుంబం బండి తోలేవాడు. దారిలో గొడవ జరిగి ఒక మనిషి చనిపోయినందుకు జేమ్స్ రీడ్‌ని గుంపు వెలివేసింది, ఆయన ముందే కాలిఫోర్నియా వెళ్ళిపోయాడు. మార్గరెట్ రీడ్ నలుగురు పిల్లలతో ఒంటరిగా మిగిలిపోయింది. వాళ్ళకి మగదిక్కు ఈ మిల్ట్. డైరీలో అతను వస్తూ పోతూ ఉంటాడు. డిసెంబర్ 21న కొన్ని మైళ్ళ అవతల ఉన్న డానర్‌ల గుడారాల నుంచి తిరిగొచ్చి, అక్కడ నలుగురు చనిపోయారని చెబుతాడు. జనవరి 1న, మిల్ట్ కోసం మంచు కింద నుంచి ఒక తోలు తవ్వి తీశాం, ఇంకా తీసుకెళ్ళలేదు అని ఉంటుంది. తోలు అంటే చంపిన ఎద్దు చర్మం. గుడిసె కప్పు మీద వేసిన తోళ్ళు పీకి, ఉడకబెట్టి, జిగురులా అయ్యాక అదే తాగారు. ఫిబ్రవరి 5న పెగీ చాలా కంగారుగా ఉంది, అందరం ఆకలితో పోతామేమోనని, మా దగ్గర కాస్త మాంసం, మూడు తోళ్ళలో కొంత భాగం మిగిలాయి, రీడ్ గారి భార్యని కూడా వీటితోనే పోషించాలి, ఆమెకి మిగిలిన ఒక్క తోలూ గుంపులోనే ఇంకో కుటుంబం, గ్రేవ్స్ వాళ్ళ గుడిసె మీద ఉంది, మిల్ట్ అక్కడే ఉంటున్నాడు, అతనే ఉంచేసుకుంటాడేమో అని రాస్తాడు. ఇక్కడ కాస్త అనుమానం, కాస్త కినుక కనిపిస్తాయి. ఆ కినుక నాకు నచ్చింది. ఒక తోలు ఎవరికి చెందుతుందన్న లెక్క అది. ఆ లెక్క తప్పితే ఒక పిల్ల పోతుంది.

ఫిబ్రవరి 10న, మిల్ట్ ఎలియట్ నిన్న రాత్రి తొమ్మిది గంటలకి మర్ఫీ వాళ్ళ గుడిసెలో చనిపోయాడు. రీడ్ గారి భార్య అతని సామాను చూసుకోవడానికి పొద్దున వెళ్ళింది. అదే రోజు, అదే చేతిరాతలో, దేవుడి దయ వల్ల త్వరలో వసంతం మనల్ని చూసి నవ్వుతుంది అని కూడా ఉంది. నేను ఎత్తి రాసుకున్న పేజీలన్నిటిలో ఒక అందమైన వాక్యం ఏదని అడిగితే ఇదే చెబుతాను.

మిల్ట్ పేరు ఇంకోసారి వస్తుంది. ఫిబ్రవరి 26. అప్పటికి కాలిఫోర్నియా నుంచి మొదటి సహాయ బృందం వచ్చి కొందరిని తీసుకెళ్ళింది. బ్రీన్‌లు ఇంకా అక్కడే ఉన్నారు. ఆ రోజు రాసిన దాంట్లో మార్తా అనే పాపకి పంటి నొప్పితో దవడ వాచిందని ముందు ఉంటుంది. తర్వాత, శిబిరంలో ఆకలి రోజులు, తోళ్ళు చాలా ఉన్నాయి కానీ మిగతావాళ్ళు తినరు, మేము బాగానే తింటున్నాం, దేవుడికి స్తోత్రం. ఆ తర్వాత మిసెస్ మర్ఫీ నిన్న ఇక్కడికి వచ్చి, మిల్ట్‌ని తినడం మొదలుపెడతానేమో అంది, ఇంకా మొదలుపెట్టలేదనుకుంటాను, బాధగా ఉంది. నాలుగు రోజుల కిందట డానర్‌లు కూడా, పశువులు దొరక్కపోతే చనిపోయినవాళ్ళని తింటామని వచ్చినవాళ్ళతో చెప్పారట.

లోకమంతా ఈ మనుషుల్ని ఏ ఒక్క విషయంతో గుర్తుపెట్టుకుందో ఆ విషయం డైరీలో ఉన్నది ఇంతే, ఇలాగే. ముందు ఒక పాప పంటి నొప్పి, తర్వాత ఇది. టైపు చేసిన పాఠంలో చదివితే కన్ను గబగబా మిసెస్ మర్ఫీ దగ్గరికి దూకుతుంది. చేత్తో వరసకి వరస రాస్తే అలా దూకడం కుదరదు. పంటి నొప్పి రాయాలి, గాలి దిక్కు రాయాలి, తోళ్ళ సంగతి రాయాలి. అప్పుడు మిల్ట్ దగ్గరికి వస్తాం, అప్పటికి మిల్ట్ మనకి తెలిసిన మనిషి అయి ఉంటాడు. ఆ రాత్రి నేను పెన్సిల్ పక్కన పెట్టేసి నిద్రపోయాను, తెల్లారాక మిగతాది రాశాను.

రెండు రోజుల తర్వాత, 28న, ఇంకొక సంగతి ఉంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. చెరువు వైపు నుంచి ఒక ఒంటరి ఇండియన్ (అంటే అక్కడి ఆదివాసి) వీపు మీద పెద్ద మూటతో వచ్చి, ఉల్లిపాయల్లా ఉండే దుంపలు ఐదో ఆరో ఇచ్చి వెళ్ళాడు, రుచి కొంచెం చిలగడదుంపలా ఉంది, నిండా గట్టి పీచు. ఆ చెరువు, ఆ కొండలు వాషో జాతి వాళ్ళవి. వాళ్ళు ఎన్నో తరాలుగా ఆ మంచులో బతకడం తెలిసినవాళ్ళు. ఆ మనిషి పేరు కాగితంలో లేదు. అతను ఇంటికెళ్ళి ఏం చెప్పాడో ఏ లైబ్రరీలోనూ లేదు.

మార్చి 1న పది మంది వచ్చారు, రెండు మూడు రోజుల్లో బయల్దేరతాం, సామాను ఇక్కడే దాచేసి వెళ్తాం, జూన్ దాకా మంచు ఉంటుందంటున్నారు అని రాసి ఆపేశాడు. అసలు ఘోరం వాళ్ళకి ఆ తర్వాత కూడా ఉంది. దారిలో తుఫాను పట్టుకుంది, మంచు గొయ్యిలో రోజుల తరబడి ఉండిపోయారు. మార్గరెట్ కాస్త పంచదార, కాస్త టీ ఆకుతో పిల్లల్ని నిలబెట్టుకుంది. జాన్ స్టార్క్ అనే మనిషి వచ్చి, వీళ్ళని వదిలేసి వెళ్ళనని పట్టుబట్టి, పిల్లల్ని మోసుకుని కిందికి తెచ్చాడు. మార్గరెట్ సంగతి మనకి తెలిసింది ఆమె చెప్పగా ఎలైజా ఫార్న్‌హామ్ అనే రచయిత్రి 1856లో అచ్చు వేయించడం వల్ల. డైరీ మాత్రం మార్గరెట్‌ది కాదు, అందులో ఆమె కంగారు ఒక వరస, ఆమె చాకిరీ సున్నా.

ఈ డైరీ 1847 మేలోనే కాలిఫోర్నియా స్టార్ అనే పత్రికలో వచ్చింది. కుదించి, భాష దిద్ది వేశారు. అసలు కాగితాలు జార్జ్ మెకిన్‌స్ట్రీ అనే ఆయన దగ్గర ఉండి, 1871లో హ్యూబర్ట్ బాన్‌క్రాఫ్ట్ సేకరణలోకి వచ్చాయి, ఆ సేకరణని 1905లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కొంది. కాగితం మిగలకపోయి ఉంటే మనకి దిద్దిన భాషే దిక్కయ్యేది.

దిద్దడం అంటే ఏమిటో ఇంకా బాగా చూపించే కాగితం వర్జీనియా రీడ్ ఉత్తరం. జేమ్స్ రీడ్ పెంచిన కూతురు, 13 ఏళ్ళ పిల్ల. ఆ పిల్లా, తల్లీ, తమ్ముళ్ళూ చెల్లెలూ బ్రీన్‌ల గుడిసెలోనే తలదాచుకున్నారు. బయటపడ్డాక 1847 మే 16న, నాపా లోయ నుంచి, ఇల్లినాయ్‌లో ఉన్న తన కజిన్ మేరీకి పెద్ద ఉత్తరం రాసింది. అదీ బాన్‌క్రాఫ్ట్‌లోనే ఉంది. ఆ ఉత్తరం నకలు తెచ్చుకుని ముందు నేనొక్కదాన్నే కూర్చున్నాను. బ్రీన్ స్పెల్లింగ్‌కి అలవాటుపడ్డ నాకు కూడా వర్జీనియా మింగుడు పడలేదు. మా అమ్మాయికి అదే వయసు. పక్కనుంచి తొంగి చూసి, "అమ్మా, కళ్ళతో చదవకు, పైకి చదువు, తెలిసిపోతుంది" అంది. తనే చదివింది. నిజంగానే తెలిసిపోయింది. ఆ పిల్ల తను మాట్లాడే మాటని మాట్లాడినట్టే రాసింది, అందుకే చెవికి దొరికింది. స్పెల్లింగ్ లేని పాత ఉత్తరాలు ఏ భాషలోవైనా ఇదే పద్ధతి, గట్టిగా చదవాలి, ఇంకొకరు రాసుకోవాలి.

మా అమ్మాయి చదువుతూ చదువుతూ రెండుచోట్ల ఆగింది. ఒకటి, వాళ్ళు తమ కుక్కపిల్ల క్యాష్‌ని చంపుకుని తిన్న చోటు. తల, కాళ్ళు, తోలు, ఏదీ వదల్లేదని రాసింది వర్జీనియా. రెండోది, మొదటి సహాయ బృందంతో బయల్దేరాక నడవలేకపోయిన ఇద్దరు చిన్నపిల్లల్ని వెనక్కి పంపిన చోటు. ఎనిమిదేళ్ళ చెల్లెలు ప్యాటీ తల్లితో, అమ్మా, నువ్వు నన్ను మళ్ళీ చూడకపోతే, నీకు చేతనైనంత చెయ్యి అంది. ఆ ఇద్దరినీ తీసుకెళ్ళి మళ్ళీ బ్రీన్‌ల గుడిసెలో వదిలారు. తర్వాత తండ్రి రీడ్ రెండో బృందంతో వచ్చి తీసుకెళ్ళాడు.

ఆ ఉత్తరం వరసల మధ్య ఇంకొకరి రాత ఉంది. అది జేమ్స్ రీడ్‌ది. పిల్ల రాసినదాన్ని దిద్దాడు, తనకి ముఖ్యమనిపించిన వివరాలు చేర్చాడు. అది ఇంకా చక్కబడి 1847 డిసెంబర్‌లో ఇల్లినాయ్ పత్రికలో అచ్చయింది. ఆయన తప్పు చేశాడని అనను. ఇంటికి వెళ్ళే ఉత్తరం ఊరంతా చదువుతారని ఆయనకి తెలుసు, కూతురు పరువుగా కనిపించాలనుకున్నాడు. కానీ నేను మా అమ్మాయి చేత రెండూ చదివించాను. దిద్దినది చదివితే ఏం జరిగిందో తెలుస్తుంది. దిద్దకముందుది చదివితే ఎవరికి జరిగిందో తెలుస్తుంది. నాకు అది చాలా పెద్ద తేడా. మన ఇళ్ళల్లో కూడా పెద్దవాళ్ళ ఉత్తరాలు టైపు చేయిస్తూ తప్పులు సరిచేసేస్తాం. దయచేసి చేయకండి. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయండి, దిద్దుబాట్లు పక్క కాగితం మీద పెట్టుకోండి. ఉత్తరం చివర్లో వర్జీనియా ఇచ్చిన సలహా ఇక్కడ అందరికీ కంఠతా వచ్చు: అడ్డదారులు ఎప్పుడూ పట్టొద్దు, వీలైనంత త్వరగా వచ్చేయండి.

బాన్‌క్రాఫ్ట్ రీడింగ్ రూమ్‌కి నేను వెళ్ళింది ఇంటర్నెట్లో చూడలేనివాటి కోసం. ప్రొఫెసర్లకి మాత్రమే అనుకుని చాలామంది ఆగిపోతారు. అదేం కాదు, ఎవరైనా వెళ్ళొచ్చు. ముందుగా ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకోవాలి, కావలసిన బాక్సులు కొన్ని రోజుల ముందే అడగాలి, ఎందుకంటే కొన్ని వేరే ఊళ్ళో గోడౌన్‌లో ఉంటాయి. ఫొటో ఉన్న ఐడీ చూపించాలి. బ్యాగు, కోటు, నీళ్ళ సీసా, పెన్ను అన్నీ లాకర్లో పెట్టేయాలి. లోపలికి పెన్సిల్, కాగితాలు, లాప్‌టాప్, ఫోను. ఒకసారి ఒక ఫోల్డరే తెరవాలి. అందులో కాగితాలు ఏ వరసలో ఉన్నాయో అదే వరసలో తిరిగి పెట్టాలి. కాగితం బల్ల మీదనుంచి పైకి ఎత్తి పట్టుకోకూడదు. ఫ్లాష్ లేకుండా ఫొటో తీసుకోవచ్చు. మొదట కాస్త టెన్షన్‌గా ఉంటుంది, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు. తర్వాత ఆ నిశ్శబ్దం ఎంత హాయో చెప్పలేను. అక్కడ పనిచేసేవాళ్ళకి ఏ ప్రశ్న అడిగినా విసుగుండదు. కుటుంబం పేరుతో వెతికితే దొరకనివి, కాగితాలు సేకరించిన మనిషి పేరుతో దొరుకుతాయని నాకు చెప్పింది అక్కడి ఆవిడే.

అలా దొరికినవి రెండు. ఒకటి, పెద్దకొడుకు జాన్ బ్రీన్ 1877లో చెప్పిన జ్ఞాపకాలు. తన 14వ ఏట జరిగింది 30 ఏళ్ళ తర్వాత చెప్పాడు. తండ్రి డైరీ చదివి ఇది చదివితే వింతగా ఉంటుంది. ఇందులో కథకి మొదలుంది, చివరుంది, చెబుతున్న మనిషికి తాను బతుకుతానని తెలుసు. తండ్రికి ఆ సంగతి తెలియదు. రేపు ఉంటామో లేదో తెలియకుండా ఇవాళ గాలి ఎటు వీస్తోందో రాసిన కాగితానికి సాటి వచ్చే జ్ఞాపకం ఉండదని నా అభిప్రాయం, అది ఎంత నిజాయితీగా చెప్పినా సరే. రెండోది, ఆ చెరువు దగ్గరి ఊరు ట్రకీలో పత్రిక నడిపిన మెక్‌గ్లాషన్ అనే ఆయన కాగితాలు. 1879 ప్రాంతంలో ఆయన బతికున్నవాళ్ళని వెతికి వెతికి ఉత్తరాలు రాశాడు, వాళ్ళ జవాబులు దాచాడు. అప్పటికి అందరూ నడివయసు దాటుతున్నవాళ్ళు. ఒకరి జ్ఞాపకానికి ఇంకొకరి జ్ఞాపకం పొసగదు. డానర్‌ల చివరి కూతురు ఎలైజా ఆ చలికాలంలో నాలుగేళ్ళు కూడా నిండని పిల్ల. తన తల్లి చివరి రోజులు ఎలా గడిచాయో తెలుసుకోవాలని జీవితమంతా తపించింది. తల్లి టామ్సెన్ డానర్ చదువుకున్న మనిషి, టీచరు, దారి పొడవునా మొక్కల గురించి రాసుకుందంటారు. ఆ పుస్తకం దొరకలేదు. దారిలోంచి రాసిన ఉత్తరాలు మాత్రం కొన్ని నిలిచాయి.

ఏది దాచారో చూస్తుంటే ఏది దాచలేదో కూడా కళ్ళకి కట్టడం మొదలవుతుంది. కాలిఫోర్నియా నుంచి తిండి మోసుకుని ఈ గుంపుని కాపాడటానికి వచ్చిన ఇద్దరు మీవాక్ అనే ఆదివాసి జాతి యువకులున్నారు, లూయిస్, సాల్వడార్ అని చర్చి పెట్టిన పేర్లు. డిసెంబర్‌లో మంచు చెప్పులు కట్టుకుని సహాయం కోసం బయల్దేరినవాళ్ళతో వాళ్ళూ వెళ్ళారు. ఆకలి ముదిరాక ఆ తోటివాళ్ళే ఇద్దరినీ కాల్చి చంపి తిన్నారు. 87 మంది అనే లెక్కలో వాళ్ళు లేరు. వాళ్ళ కుటుంబాల కాగితాలు ఏ బాక్సులోనూ లేవు, వాళ్ళ వైపు నుంచి ఆ చలికాలం ఎలా ఉందో అడగడానికి ఏ ఫోల్డరూ లేదు. బ్రీన్ పిల్లల కోసం కళ్ళనీళ్ళు పెట్టుకున్న నేను ఈ ఇద్దరి గురించి చదవాలంటే వేరేవాళ్ళ కాగితాల్లోనే వెతకాల్సి వచ్చింది. పయనీర్ల కథ చెప్పేవాళ్ళు ఈ మాట కూడా అదే గొంతుతో చెప్పాలి.

ఎత్తి రాయడం పూర్తయ్యాక కుటుంబమంతా కలిసి శాన్ హువాన్ బౌటిస్టా వెళ్ళాం. బ్రీన్‌లు 1848లో ఆ ఊరు చేరారు. పాత మిషన్ చర్చి ఎదురుగా మట్టి ఇటుకల మేడ ఉంది, క్యాస్ట్రో బ్రీన్ అడోబీ అంటారు, ఇప్పుడు స్టేట్ పార్కు వాళ్ళు చూసుకుంటున్నారు. పెద్దకొడుకు జాన్ బంగారం గనులకి వెళ్ళి దాదాపు 12,000 డాలర్ల విలువైన బంగారం పొడి తెచ్చాడు, దాంతో ఆ ఇల్లు వాళ్ళదైంది. క్రిస్మస్ నాడు తండ్రికి చేతకాక కట్టెలు తెచ్చిన పిల్లవాడే. పాట్రిక్ 1868 దాకా బతికాడు. చంటిపాప ఇసబెల్లా 1935లో పోయింది, డానర్ గుంపులో ఆఖరున మిగిలిన మనిషి ఆవిడే. మా అమ్మాయి ఆ ఇంటి వరండాలో నిలబడి ఎండ చూసి, "ఇక్కడ మంచు పడదు కదా, అందుకే ఈ ఊరు ఎంచుకున్నారేమో" అంది. వాళ్ళు నిజంగా ఏం చూసి ఎంచుకున్నా, ఆ పిల్ల అడిగిన తీరు నాకు నచ్చింది.

చెరువు దగ్గర బ్రీన్‌ల గుడిసె ఉన్నచోట 1918లో పెద్ద విగ్రహం కట్టారు. దాని కింది దిమ్మె ఎత్తు 22 అడుగులు, ఆ ఏడు మంచు అంత ఎత్తు పడిందని చూపించడానికి. టాహో సరస్సుకి వెళ్ళేటప్పుడు ఓ అరగంట ఆగి చూడండి. వెళ్ళేముందు ఇంటర్నెట్లో ఆ 29 పేజీల్లో కనీసం డిసెంబర్ 25 ఒక్కటి చేతిరాతలో చదవండి. ఈ ఎండాకాలం నేను, మా అమ్మాయి శాక్రమెంటోలో సటర్స్ ఫోర్ట్ అనే పాత కోటకి వెళ్దామనుకుంటున్నాం. ప్యాటీ రీడ్ ఆ మంచులో ఎవరికీ చూపించకుండా బట్టల్లో దాచుకున్న చిన్న చెక్కబొమ్మ అక్కడిదే. రీడ్ కుటుంబం కాగితాలూ ఆ సేకరణలోనే ఉన్నాయి, వాటిని చూడటానికి ఏం చేయాలో కనుక్కుంటున్నాను.